గుసగుసమ్మ అందించిన మాటలు

పొద్దున ఆరున్నరకి గుసగుసమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పేపరు ఒళ్ళో పరుచుకుని, చదవబోయే వరుస కింద చెక్క స్కేలు పెడుతుంది. వరుస చదవడం, స్కేలు కిందికి జరపడం. పైకే చదువుతుంది కానీ ఆ గొంతు ఎదురు కుర్చీ దాటి పోదు. వంటగదిలో ఉన్నవాళ్ళకి నీళ్ళు మరిగే చప్పుడు వినిపిస్తుంది గానీ ఆవిడ గొంతు వినిపించదు. ఎనిమిదేళ్ళ పాటు ఆ ఎదురు కుర్చీలో వాళ్ళ అక్క కూర్చునేది. ధరలు, దుర్ఘటనలు, వాతావరణం అన్నీ వరసగా వినేది. చావు కబుర్లు వచ్చే పేజీ దగ్గర మాత్రం, "మనవాళ్ళెవరన్నా ఉంటేనే చదువు, లేకపోతే తిప్పెయ్," అనేది.

గుసగుసమ్మ ఆవిడ అసలు పేరు కాదు. నాటకాల కంపెనీలో పెట్టిన పేరు. ముప్పై నాలుగేళ్ళు ఆవిడ అక్కడ ప్రాంప్టరు. రంగస్థలం పక్కన, తెరకీ గోడకీ మధ్య ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత సందులో ఒక ముక్కాలిపీట, వెలుతురు బయటికి పోకుండా రేకు మూత తొడిగిన బల్బు, ఒళ్ళో రాతప్రతి. వేషగాళ్ళు మాట మర్చిపోతే అందించడం ఆవిడ పని. అందించిన మాట స్టేజీ మీది మనిషికి వినపడాలి, మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళకి వినపడకూడదు. పెదాలు కదలకుండా, ఊపిరితో మాట్లాడటం వచ్చు ఆవిడకి.

ఆ పని నేర్పింది అంతకు ముందు ఆ పీట మీద కూర్చున్న ముసలాయన. "ఆర్టిస్టు ఆగాడంటే మర్చిపోయాడని కాదమ్మాయ్," అనేవాడాయన. "కళ్ళు చూడు. చూపు జనం మీద ఉందా, వాడు కావాలనే ఆగాడు. చూపు తేలిపోయి నీ సందు వైపు తిరిగిందా, మునుగుతున్నాడు. మునిగేవాడికి చెయ్యివ్వు. ఈదేవాడికి ఇచ్చావంటే నువ్వే ముంచేస్తావ్."

ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారే తప్పు చేసింది. అదీ అక్క విషయంలోనే. అక్క ఆ కంపెనీలో రాణి వేషాలు కట్టేది. అందుకే అందరూ, ఆఖరికి టీ తెచ్చేవాడు కూడా, రాణీగారూ అనేవాళ్ళు. ఒక నాటకంలో కొడుకు చనిపోయాడన్న కబురు విని రాణి చాలాసేపు ఏమీ మాట్లాడదు. చెల్లెలు అప్పటికి పనిలో చేరి రెండేళ్ళే. కంగారుపడి మాట అందించేసింది. హాలంతా చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గుసగుస నాలుగో వరుస దాకా వెళ్ళింది. తెర పడగానే అక్క అట్ట కిరీటం తీసి విసిరికొట్టింది.

"ఎంత ఆకలేసిందే నీకు? నా మౌనం కూడా మింగేశావ్! వారం రోజులు కూర్చుని కట్టుకున్నానే దాన్ని!"

కిరీటం ఓ ముక్క విరిగింది. ఆ వారమంతా రాణీగారు ఆ విరిగిన కిరీటంతోనే రాజ్యమేలింది. కంపెనీలో ఏళ్ళ తరబడి ఇదే జోకు. ఎవరైనా కాస్త ఎక్కువసేపు మౌనంగా ఉంటే, "గుసగుసమ్మకి పెట్టకు, తినేస్తుంది," అనేవాళ్ళు.

కంపెనీ మూతపడ్డాక చెల్లెలు రెండో అంతస్తులో రెండు గదులు తీసుకుని ఒక్కతే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరన్నా ఎందుకని అడిగితే, "నా మాట వినాలంటే మరీ దగ్గరికి రావాలి. అంత దగ్గరికి ఎవరూ రాలేదు," అనేది నవ్వుతూ. బావగారు పోయాక అక్క రెండు ట్రంకు పెట్టెలతో వచ్చి చేరింది. అక్కకి ఒక్కతే కూతురు. ఊరికి ఆ చివర భర్తతో ఉంటుంది. బస్సు కంపెనీలో టైంటేబుళ్ళు వేసే ఉద్యోగం. మనిషి కూడా అలాగే, నిమిషాల లెక్కన బతుకుతుంది. ఆదివారం పదకొండింటికి ఫోను చేస్తుంది, పదకొండుంబావుకి పెట్టేస్తుంది.

మూడేళ్ళ కిందట ఒకరోజు అక్క పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడింది. "ఇది... దీన్నేమంటారే?"

"గరిటె."

"ఆఁ, గరిటె. చూశావా, అదీ మనల్ని వదిలేసి పోతోంది," అని నవ్వింది. ఇద్దరూ నవ్వారు.

తర్వాత కింది వాటా ఆయన పేరు పోయింది. ఆ తర్వాత నెల పేరు. ఒక మధ్యాహ్నం వీధి మలుపులో ఉన్న మందుల షాపుకని వెళ్ళిన మనిషి మూడు గంటలైనా రాలేదు. చివరికి ఒక బస్సు కండక్టరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మెట్ల మీదే కూలబడి, చెల్లెలి చెయ్యి వదలకుండా అంది అక్క:

"ఎవరికీ చెప్పకే. ముఖ్యంగా నా కూతురికి. తెలిస్తే తీసుకెళ్ళి ఓ మూల కూర్చోబెట్టి, టీవీ పెట్టి ఉద్యోగానికి పోతుంది. నువ్వు పక్కనుంటే నాకు మాట తడబడదు. నీకు అలవాటైన పనేగా. ఒట్టెయ్యి."

గుసగుసమ్మ ఒట్టేసింది. ఇల్లే స్టేజీ అనుకుంది. పొద్దున్నే తారీఖు, వారం, నిన్న తిన్నదీ ఇవాళ తినబోయేదీ మనసులో వల్లించుకునేది. కూరల కొట్టులో అక్క వెనక నిలబడి, కొట్టువాడు అడిగేలోపే అక్క చెవికి మాట చేరేసేది. ఆదివారాలు ఫోను స్పీకరులో పెట్టి పక్కనే కూర్చునేది.

"అమ్మా, నిన్న ఏం తిన్నావ్?"

"గుడ్లు, రొట్టె," అని చెల్లెలు ఊపిరితో.

"గుడ్లు, రొట్టె," అని అక్క.

"మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"ఎడమది తగ్గింది."

"ఎడమది తగ్గింది," అనేది అక్క, కుడి మోకాలు నిమురుకుంటూ.

"పిన్ని బాగా చూసుకుంటోంది నిన్ను. నా కన్నా నయం," అని కూతురు నవ్వేది. ఫోను పెట్టేశాక అక్కచెల్లెళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేసేవాళ్ళు. రెండేళ్ళు అలా నెగ్గుకొచ్చారు. ఒక్కసారీ దొరకలేదు. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ప్రాంప్టింగు చేయలేదని గుసగుసమ్మకి లోలోపల గర్వం.

ఒక్క మార్పు మాత్రం వచ్చింది. మొదట్లో అక్క మాట కోసం వెతుక్కునేది. కళ్ళు చిట్లించి, వేళ్ళు ఆడిస్తూ, దొరక్కపోతేనే చెల్లెలి వైపు చూసేది. పోనుపోను వెతకడం మానేసింది. ఎవరేం అడిగినా చూపు నేరుగా చెల్లెలి మీదికే. ఆ తర్వాత ఆ చూపూ మానేసింది. అక్క ఎటు చూస్తోందో చూసే తీరిక చెల్లెలికీ లేదు. ఎదుటివాళ్ళకి అనుమానం రాకూడదు, మాట ఆలస్యం కాకూడదు, ఆవిడకి కావాల్సింది అదొక్కటే. అక్క పొద్దంతా కిటికీ దగ్గర కూర్చునేది. సగం తిని పళ్ళెం జరిపేసేది. పేపరులో చావు కబుర్ల పేజీ వచ్చినా తిప్పమనేది కాదు. జబ్బు ముదురుతోందనుకుంది చెల్లెలు. ఇంకాస్త జాగ్రత్తగా, ఇంకాస్త త్వరగా అందించసాగింది. ఆవిడ సొంత బట్టలు ఎప్పుడు వదులైపోయాయో ఆవిడే చూసుకోలేదు. రాత్రిళ్ళు అక్క మంచం కిర్రుమంటే లేచి కూర్చునేది. ఏళ్ళ తరబడి శనివారాలు వెళ్ళే లైబ్రరీకి వెళ్ళడం మానేసింది.

డెబ్బై అయిదు దాటినవాళ్ళకి మతిమరుపు పరీక్ష చేయించుకోమని ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. కూతురు సెలవు పెట్టి మరీ వచ్చింది. గుసగుసమ్మ ముందు రోజంతా అక్కతో తారీఖు, నెల, సంవత్సరం అప్పజెప్పించింది.

ఆస్పత్రిలో మూడో అంతస్తు చివరి గది. లోపల ఉన్నావిడకి నలభై లోపే ఉంటాయి. నడిస్తే చప్పుడు కాని రబ్బరు బూట్లు వేసుకుంది.

"నమస్తే డాక్టరమ్మా," అంది గుసగుసమ్మ.

"నేను మందులిచ్చే డాక్టర్ని కాదమ్మా, సైకాలజిస్టుని. పెద్దవాళ్ళతోనే పని చేస్తాను."

"మందులివ్వకపోతే మరేం ఇస్తారు?"

"కుర్చీ ఇస్తాను, కూర్చోండి," అని నవ్వి, అక్క వైపు తిరిగింది. "ఇవాళ ఏం వారమమ్మా?"

"బుధవారం," అంది అక్క టక్కున.

"నెల?"

అదీ టక్కున వచ్చింది. గడియారం బొమ్మ గీసి పదీ పది చూపించమంటే మాత్రం అక్క అంకెలన్నీ ఒకే పక్కకి తోసేసింది. పెన్సిలు చివర చూస్తూ కూర్చుంది. మాటయితే అందించొచ్చు, బొమ్మ ఎలా అందిస్తుంది చెల్లెలు? సైకాలజిస్టు ఆ బొమ్మని చూసింది. తర్వాత గుసగుసమ్మ మెడని చూసింది. పెదాలు కదలకపోయినా గొంతు దగ్గర నరం కదులుతుంది కదా.

"మీరు ఏం చేసేవారమ్మా?" అని అడిగింది.

"నాటకాల్లో ప్రాంప్టరు." ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ ఉండే గర్వంతోనే చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

"కాసేపు బయట కూర్చుంటారా?"

గంటా ఇరవై నిమిషాలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది గుసగుసమ్మ. పక్కన అక్క కూతురు ఫోనులో బస్సుల వేళలు సరిచేసుకుంటోంది. లోపల అక్క ఒంటరిగా మునిగిపోతోందని, తను చెయ్యివ్వలేకపోతోందని ఆవిడ తలుపు మీంచి కళ్ళు తిప్పలేదు. తలుపు తీసుకుని అక్క బయటికి వచ్చినప్పుడు ఆవిడ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, స్టేజీ దిగొచ్చినప్పటిలా.

"ఏం అడిగిందే?" అంది చెల్లెలు బస్సులో.

అక్క కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. జవాబు రాదనుకుని చెల్లెలే, "గడియారం మళ్ళీ గీయమందా?" అంది. అక్క తలూపింది.

అలా వారానికోసారి నాలుగు వారాలు. చెల్లెలు ప్రతిసారీ వరండాలోనే. ఆ నాలుగు వారాలూ అక్క ఎప్పట్లాగే ఎదురు కుర్చీలో కూర్చుని పేపరు వింది, సగం తిని పళ్ళెం జరిపింది.

అయిదో బుధవారం అందర్నీ లోపలికి పిలిచారు. అక్క, కూతురు, అల్లుడు, గుసగుసమ్మ. అల్లుడు లావుపాటి మనిషి, ఎక్కడ కూర్చున్నా కుర్చీకి క్షమాపణ చెప్పుకునే రకం. సైకాలజిస్టు నిదానంగా చెప్పింది. మతిమరుపు ఉంది, ఉన్నమాటే. పెరుగుతుంది కూడా. కానీ ఇప్పుడు కనబడుతున్నదంతా మతిమరుపు కాదు, సగం దిగులు. పెద్ద వయసులో ఈ రెండూ ఒకే వేషంలో వస్తాయి, తిండి మానేయడం, మాట మానేయడం, మూల కూర్చోవడం. దిగులుకి వైద్యం ఉంది.

"మాటలు ఇంకా చాలా ఉన్నాయి ఆవిడ దగ్గర. వెతికి తెచ్చుకోవడానికి టైం పడుతుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై. ఆ ఇరవై ఇస్తే వస్తున్నాయి." అక్క వైపు చూసింది. "మిగతాది మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే," అంది అక్క.

చెల్లెలి మీద చూపు నిలిపింది. గది గోడ మీద గడియారం ముల్లు అంకె దాటి అంకె మీదికి పోతోంది.

"ఇది నన్ను మాట్లాడనివ్వదు," అంది.

రెండేళ్ళలో అక్క నోటి నుంచి గుసగుసమ్మ అందించకుండా వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది ఆవిడకి.

"నువ్వే కదే చెప్పొద్దన్నావ్! మెట్ల మీద కూర్చుని ఒట్టేయించుకున్నావ్! నీ కోసమే కదే నేను..."

అక్క పెదాలు కదిలాయి, ఆగాయి. ఆ ఆగిన చోట ఏ మాట పడాలో గుసగుసమ్మకి తెలుసు. అలవాటుగా గొంతు కదిలింది. సైకాలజిస్టు చెయ్యి కొద్దిగా ఎత్తింది. గుసగుసమ్మ ఆగింది. అల్లుడి కుర్చీ కిర్రుమంది.

"చెప్పొద్దన్నాను," అంది అక్క చివరికి. "మాట్లాడొద్దు అన్లేదు."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "పిన్నీ, నువ్వు చేసింది తప్పని కాదు. నువ్వూ డెబ్బై దాటావ్. ఎలా అయిపోయావో అద్దంలో చూసుకో ఒకసారి. అమ్మని మా ఇంటికి తీసుకెళ్తాం. పగలు చూసుకోవడానికి ఒకావిడ వస్తుంది..."

"దానికా ఇల్లు నచ్చదు," అంది గుసగుసమ్మ. "కొత్త చోట బెంబేలెత్తిపోతుంది. గోడలు చూసి భయపడుతుంది."

వాతావరణం కాస్త తేలికపడుతుందనుకున్నాడేమో అల్లుడు, నోరు తెరిచాడు. "అబ్బే, అదేం లేదు చిన్నత్తయ్యా! గోడల రంగు అత్తయ్యే ఏరారు, ఈ గదిలోంచే, ఫోను వీడియోలో చూసి. లేత ఆకుపచ్చ. నేను తెలుపన్నాను, నా మొహం తెలుపన్నారు!"

"ఎప్పుడు?"

కూతురు భర్త మోచేయి గట్టిగా పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"మూడు వారాలవుతుందండీ."

గుసగుసమ్మ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది. మూడు వారాలు. నిన్న రాత్రి ఏం తిన్నదో అడిగితే తడుముకునే మనిషి మూడు వారాల పాటు ఒక్క రహస్యం కడుపులో దాచుకుంది. రోజూ పొద్దున ఎదురుగా కూర్చుని పేపరు వింటూ, లేత ఆకుపచ్చ గోడల్ని మనసులో పెట్టుకుని. ఏం మర్చిపోయినా దాన్ని మర్చిపోలేదు. కాగితం మీద ఎన్ని గడియారాలు గీయించినా తేలని సంగతి అక్కడ తేలింది: అక్కకి జ్ఞాపకం ఉంది, చెల్లెలికి చెప్పకూడదన్నది జ్ఞాపకం ఉంది. వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ గుర్తొచ్చింది. నాలుగు బుధవారాలు తను బయట కూర్చుని, లోపల అక్క మునిగిపోతోందని ఏడుపు ఆపుకున్న కుర్చీ.

ఆ ఆదివారం ట్రంకు పెట్టెలు కిందికి దిగాయి. గుసగుసమ్మ సర్దడానికి చెయ్యి కూడా వేయలేదు. వంటగదిలో గిన్నెలు తోముతూ నిలబడింది, అప్పటికే తోమినవి.

"పిన్నీ, వెళ్ళొస్తాం," అంది కూతురు గుమ్మం దగ్గర. "నీ మీద కోపంతో కాదు పిన్నీ."

"కోపం ఉన్నా బాగుండేది. మొహం మీద తిట్టి పోయేదానివి. నాలుగు వారాలు నా చేతి టీ తాగి ఇది చేశావ్ చూడు, అదీ నేను..."

అక్క గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఏదో చెప్పబోతోందని అందరికీ తెలుస్తోంది. గుసగుసమ్మ వెనక్కి తిరగలేదు. చూసుంటే అక్క ఏమనేదో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

రెండు నెలలు ఆవిడ వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆదివారం పదకొండింటికి ఫోను మోగితే బల్ల మీద అలాగే మోగనిచ్చేది. టీ పెట్టుకుని చల్లారాక పారబోసేది. కిందివాటా వాళ్ళు పలకరిస్తే బాగానే ఉన్నాననేది. ఆ బాగానే అన్న మాట మెట్లు ఎక్కేలోపు అరిగిపోయేది. నిద్ర రెండు గంటలు, మూడు గంటలు. మంచం చప్పుడు లేకపోయినా చెవులు ఆ చప్పుడు కోసమే చూసేవి.

ఒక మధ్యాహ్నం ఫోనెత్తితే అటువైపు సైకాలజిస్టు.

"అక్కయ్యగారి గురించి కాదమ్మా. మీ గురించి."

"దొంగతనం చేసినవాళ్ళే వచ్చి తాళం బాగుందా అని అడుగుతారా?"

"అడుగుతున్నాను. బుధవారం వస్తారా?"

తిట్టడానికి వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఒక అంకం తయారైంది.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది సైకాలజిస్టు.

"అక్కకి అక్కడ పడుతోందా?"

"తిండి?"

"దానికి పొద్దున మెత్తటి రొట్టె కావాలి, అంచులు తీసేయాలి. వాళ్ళు తీస్తారో లేదో..."

"మీరెలా ఉన్నారమ్మా?"

గుసగుసమ్మ నోరు తెరిచింది. అక్కకి మోకాలు ఎలా ఉందో అడగబోయి ఆపుకుంది. ఆ తర్వాత ఏమీ దొరకలేదు. సైకాలజిస్టు ఆవిడ కళ్ళనే చూస్తూ కూర్చుంది. బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోయారు. చాలాసేపు గడిచాక గుసగుసమ్మ చటుక్కున తలెత్తింది.

"నా చూపు ఎటుందో చూస్తున్నారు కదూ? నా పనే నా మీద చేస్తున్నారు."

"చూస్తున్నానమ్మా."

"అయితే వినండి. మోసపోయానండీ నేను. బయటివాళ్ళు మోసం చేస్తే పోలీసుల దగ్గరికి పోతారు. అక్క చేస్తే ఎవరి దగ్గరికి పోవాలి? అడగ్గా అడగ్గా ఒట్టేశాను. ఒట్టు నేను నిలబెట్టుకున్నాను. అది దాటేసింది. ఇప్పుడు అందరి కళ్ళకీ నేనే దాని నోరు నొక్కినదాన్ని."

ఎదుటావిడ అలా అనకండి, వాళ్ళు మీ మంచికే చేశారు అంటుందని, అనగానే లేచిపోవాలని అనుకుంది. ఆవిడ అలా అనలేదు.

"మీకు తెలియకుండా జరిగింది. అందులో నా పాత్ర ఉంది," అంది. "ముందు చెప్తే మీరే మాట్లాడేస్తారని అక్కయ్యగారు భయపడ్డారు. ఆవిడ మాట నేను కాపాడాలి. కానీ అందరి ముందూ చెప్పే ముందు, మీతో విడిగా ఒక గంట కూర్చుని ఉండాల్సింది. ఆ గంట నేను మీకు ఇవ్వలేదు. అది నా తప్పు."

గుసగుసమ్మ తెచ్చుకున్న అంకం మొత్తం ఎందుకూ పనికిరాకుండా పోయింది. "ఈ రాణీగారి జట్టులో తప్పు ఒప్పుకున్నది మీరొక్కరే," అంది.

ఆ తర్వాత ఆరు నెలలు బుధవారాలు వెళ్ళింది. పక్క గది డాక్టరు నిద్రకీ దిగులుకీ మాత్ర రాసిచ్చాడు. రోజూ ఒక పని తన కోసమే చెయ్యాలన్నారు, ఏం చేస్తే ఇష్టమో చెప్పమన్నారు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి ఆవిడకి మూడు బుధవారాలు పట్టింది. చివరికి లైబ్రరీ అంది. మొదటి శనివారం వెళ్ళి పుస్తకం తీయకుండానే తిరిగొచ్చింది. రెండో శనివారం ఒకటి తెచ్చుకుంది. పగలబడి నవ్వించే పుస్తకమట. నవ్వలేదు గానీ పూర్తి చేసింది.

పాత ప్రాంప్టరు నేర్పిన పాఠం సంగతి ఆవిడే ఎత్తింది ఒక బుధవారం. ఈదేవాడికి చెయ్యిస్తే ముంచేస్తావు అన్నాడాయన, నేను ముంచాను, అంది. ఒప్పుకుంటున్నాను అని కూడా అంది. "అయినా నా కోపం పోలేదు తల్లీ. నా తప్పు వేరు, దాని మోసం వేరు. ఒకదాంతో ఒకటి కొట్టెయ్యమంటే కొట్టెయ్యలేను."

"ఎవరు కొట్టెయ్యమన్నారు?" అంది సైకాలజిస్టు.

అక్క దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు అల్లుడు తీశాడు. ఆవిణ్ణి చూసి కంగారులో, "కూర్చోండి చిన్నత్తయ్యా, టీ, కాఫీ, నీళ్ళు, ఏదన్నా," అని అన్నీ ఒకేసారి అనేసి వంటగదిలోకి పారిపోయాడు. గది లేత ఆకుపచ్చగానే ఉంది. అక్క కాస్త ఒళ్ళు చేసింది. బల్ల మీద పేక ముక్కలు పరిచి ఉన్నాయి. అల్లుడితో ఆట సగంలో ఉంది, అక్కే గెలుస్తోంది, లేదా అల్లుడు ఓడిపోతున్నాడు.

గుసగుసమ్మ ఎదురుగా కూర్చుంది. అక్క చూసింది. గుర్తుపట్టింది, అందులో సందేహం లేదు. పెదాలు తడుపుకుంది. చెల్లెలు రెండు చేతులూ ఒళ్ళో కలిపి పెట్టుకుని లోపల అంకెలు లెక్కపెట్టుకుంది. పదిహేడు దాకా వచ్చింది.

"నీకు కోపం," అంది అక్క.

"ఉంది."

"చాలా?"

"చాలా."

 ఈసారి లెక్క ముప్పై దాటింది. రాబోయే మాట 'క్షమించు' అవ్వాలని చెల్లెలికి ఉంది. ఆ ఒక్క మాటా అందిద్దామని గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"ఉండనీ," అంది అక్క. పేక ముక్క ఒకటి తీసి చెల్లెలి ముందు పెట్టింది. "ఆడు."

క్షమించమని అక్క ఆ రోజు అడగలేదు, ఆ తర్వాత కూడా అడగలేదు. మాటలు ఇప్పుడు ఇంకా తగ్గాయి. ఒక్కోసారి గుసగుసమ్మ వంద దాకా లెక్కపెట్టినా ఏమీ రాదు. అలాంటప్పుడు ఆవిడ తన వంతు ముక్క వేస్తుంది.

గుసగుసమ్మకి ఇప్పుడు డెబ్బై మూడు. ఆ రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్తుంది, అయిదింటి బస్సుకి తిరిగొస్తుంది.